బిడ్డ భుజం మీది ఎర్రని గీత

జూన్ నెల సమీపించగానే విజయవాడ వన్ టౌన్ దుకాణాల ముందు బడి సంచులు వేలాడుతాయి. తండ్రి రంగు చూస్తాడు, తల్లి జిప్పు లాగి చూస్తుంది, బిడ్డ దాని మీది బొమ్మ చూసుకొని మురిసిపోతాడు. ధర కుదురుతుంది, సంచి ఇంటికి చేరుతుంది. ఆ సంచిలో బిడ్డ శరీరాన్ని నేరుగా తాకే భాగం ఒక్కటే. అది భుజం మీద ఆనే పట్టీ. దానిని వేలితో నొక్కి చూసేవారు మాత్రం పదిమందిలో ఒక్కరైనా కనిపించరు. వచ్చే పది నెలల పాటు బిడ్డ సుఖమో, బాధో తేల్చేది ఆ పట్టీయే.

భవానీపురం, విద్యాధరపురం, చిట్టినగర్ ప్రాంతాల్లో మన పిల్లలు అనేకులు రెండు బడులకు వెళతారు. ఉదయం పాఠశాల, అస్ర్ నమాజు తరువాత మక్తబ్. కొందరు ఇంటికి పోయి సంచి మార్చుకొనే వ్యవధి లేక అదే బరువుతో మస్జిద్ మెట్లెక్కుతారు. వుజూ చేసేటప్పుడు చొక్కా కాలరు వదులు చేస్తే మెడకూ భుజానికీ నడుమ ఎర్రని గీత కనిపిస్తుంది. "నొప్పిగా ఉందా?" అని అడిగితే "లేదు ఉస్తాద్‌జీ" అంటారు. పిల్లలు అలవాటైన నొప్పిని నొప్పిగా చెప్పరు. కనుక దాని సంగతి పెద్దలే కనిపెట్టాలి.

భుజం నిర్మాణాన్ని ఒకసారి గమనిద్దాం. మెడ నుండి భుజం కొస వరకు ఒక వెడల్పైన కండరం పరచుకొని ఉంటుంది. దాని ముందు జత్రుక అనే సన్నని ఎముక అడ్డంగా ఉంటుంది. చేతికి కదలికనూ స్పర్శనూ ఇచ్చే నరాల సమూహం మెడ నుండి బయలుదేరి ఆ ఎముక కింది నుండే చేతిలోకి సాగుతుంది. సన్నని గట్టి పట్టీ చాలాసేపు అక్కడ నొక్కితే మొదట చర్మం ఎర్రబడుతుంది, ఆపై కండరం బిగుసుకుంటుంది, ఇంకా మితిమీరితే చెయ్యి తిమ్మిరెక్కుతుంది. బరువైన మూటలు వీపున మోసే సైనికులలో ఈ నరాలు నలిగి చెయ్యి బలహీనపడే స్థితిని వైద్యులు ఏనాడో గుర్తించి, దానికొక ప్రత్యేకమైన పేరు కూడా పెట్టారు. బడి పిల్లల బరువు అంతటిది కాదు నిజమే. కానీ వారి భుజం కూడా సైనికుడి భుజం కాదు.

ఇందులో ఇమిడి ఉన్న లెక్క చాలా తేలికైనది. ఆరు కిలోల సంచి రెండు భుజాల మీద సమంగా ఉంటే ఒక్కో భుజానికి మూడు కిలోలు. పట్టీ భుజాన్ని సుమారు పది సెంటీమీటర్ల పొడవున తాకుతుందనుకుందాం. పట్టీ వెడల్పు రెండున్నర సెంటీమీటర్లయితే బరువు 25 చదరపు సెంటీమీటర్ల మీద పడుతుంది. అంటే ఒక్కో చదరపు సెంటీమీటరుకు 120 గ్రాములు. అదే పట్టీ ఆరు సెంటీమీటర్ల వెడల్పు ఉంటే 60 చదరపు సెంటీమీటర్లకు పంచబడి 50 గ్రాములకు దిగుతుంది. సంచి అదే, పుస్తకాలు అవే. బిడ్డ అనుభవించే ఒత్తిడి మాత్రం సగానికంటే తక్కువ. ఇక సన్నపట్టీ సంచిని ఒక్క భుజానికే తగిలించుకొంటే అది 240 గ్రాములకు పెరుగుతుంది. సోకుకోసం ఒంటి భుజాన సంచి వేసుకొనే పెద్దపిల్లలకు ఈ లెక్క తప్పక చెప్పాలి.

ఈ జ్ఞానం మన నేలకు కొత్తది కాదు. నీళ్లబిందె నెత్తికెత్తుకొనే స్త్రీ ముందు గుడ్డను చుట్టకుదురుగా చుట్టి పెట్టుకొనేది. కావడి మోసేవాడు వెదురు బద్ద కింద తుండుగుడ్డ మడత వేసుకొనేవాడు. కృష్ణా డెల్టా రైతు ఎద్దు మెడ కాడి కింద ఒరుసుకుపోతే, మానేవరకు దానిని నాగలికి కట్టేవాడు కాదు. నేటికీ భవానీపురానికి ఆనుకొని ఉన్న గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్ వైపు వెళితే, హమాలీలు మడిచిన గోనెసంచి భుజాన వేసుకొని దాని మీద బస్తా ఎత్తుకోవడం చూడవచ్చు. బరువుకూ ఒంటికీ మధ్య ఏదో ఒకటి ఉండాలని, అది వెడల్పుగా, కదలకుండా ఉండాలని శ్రమజీవికి ఎవరూ బోధించనక్కరలేదు. బడికి వెళ్లే బిడ్డ విషయంలోనే మనం దానిని మరచిపోయాము.

మన ధర్మం ఈ చిన్న విషయాన్ని చిన్నదిగా చూడలేదు. ఒక అన్సారీ తోటలో ఉన్న ఒంటె దైవప్రవక్త (సఅసం) వారిని చూసి కన్నీరు కార్చింది. ఆయన దాని తల నిమిరి, యజమానిని పిలిపించి, దానిని ఆకలితో ఉంచి అలసిపోయేలా పని చేయిస్తున్నావని అది నాకు మొరపెట్టుకొన్నది, ఈ మూగజీవి విషయంలో అల్లాహ్‌కు భయపడవా అని మందలించారు. అబూదావూద్ గ్రంథంలోని ఈ హదీసు భావాన్ని విన్న మనిషి, నోరున్నా నొప్పి చెప్పుకోని బిడ్డ విషయంలో ఎంత జాగ్రత్తగా ఉండాలి!

మోతల చరిత్రలో మన తల్లుల పేర్లు కూడా ఉన్నాయి. హిజ్రత్ ప్రయాణానికి ఆహారపు సంచినీ నీటితిత్తినీ కట్టడానికి తాడు దొరకనప్పుడు, హజ్రత్ అస్మా బిన్తె అబూబక్ర్ (రజి) తన నడుముపట్టీని రెండుగా చీల్చి కట్టారు. అందుకే ఆమెకు 'జాతున్నితాఖైన్', అంటే రెండు నడుముపట్టీల వనిత అనే బిరుదు నిలిచింది. ప్రవక్త (సఅసం) గారాలపట్టి హజ్రత్ ఫాతిమా (రజి) తిరగలి తిప్పి అరచేతులు కాయలు కాచాయని, నీటితిత్తి మోసి మోసి ఆమె మెడ కింద దాని గుర్తు పడిందని అబూదావూద్‌లోని ఒక ఉల్లేఖనం తెలుపుతుంది. ఆ గుర్తును చూసి బాధపడి, దానిని మాటల్లో చెప్పి మనకు అందించినవారు ఆమె భర్త హజ్రత్ అలీ (రజి). తన ఇంటివారి ఒంటి మీద బరువు వేసిన గీతను గమనించడం కుటుంబ యజమాని గుణాలలో ఒకటని దీని నుండి మనం గ్రహించవచ్చు.

ఇప్పుడు పట్టీ లోపల ఏముండాలో చూద్దాం. బజారులో దొరికే సంచుల పట్టీలలో సాధారణంగా మూడు రకాల మెత్తలు ఉంటాయి. మొదటిది పరుపుల్లో, కుర్చీల్లో వాడే స్పాంజి. ఇది తాకగానే హాయిగా ఉంటుంది. అందుకే కొనేవారు మోసపోతారు. తక్కువ సాంద్రత గల స్పాంజి బరువు పడగానే పూర్తిగా అణగిపోతుంది, కొద్ది నెలలకే చప్పబడి అట్టలా మారుతుంది. పైగా చెమటనూ వాననీటినీ పీల్చుకొంటుంది. రెండవది టీవీలు, ఫ్రిజ్‌ల పెట్టెల్లో వచ్చే తెల్లని తేలికపాటి ఫోము. నీరు పీల్చదు కానీ మడతపడినచోట విరిగినట్లై మళ్లీ లేవదు. మూడవది ఈవీఏ. చెప్పుల అడుగులకు, పిల్లలు ఆడుకొనే చాపలకు వాడే పదార్థం ఇదే. నొక్కితే కొంత లొంగి, వదలగానే తిరిగి లేస్తుంది, నీరు పీల్చదు. పట్టీకి ఈ మూడింటిలో ఇదే మేలైనది.

ఎంత మెత్తగా ఉంటే అంత మంచిదనే అభిప్రాయం సరికాదు. పట్టీ పైభాగాన నిలువునా ఒక నైలాన్ టేపు కుట్టి ఉంటుంది. సంచి బరువంతా దాని మీదుగానే లాగుతుంది. కింది ఫోము మరీ మెత్తనిదైతే ఆ టేపు మధ్యలో కుంగిపోతుంది. అప్పుడు పట్టీ ఆరు సెంటీమీటర్లున్నా భుజానికి తగిలేది టేపు వెడల్పే. అంటే వెడల్పు కంటికి కనిపిస్తుంది, ఒంటికి అందదు. కనుక బరువును పక్కలకు పంచగలిగినంత గట్టిదనం, చర్మానికి గుచ్చుకోనంత మెత్తదనం రెండూ కావాలి. మంచి పనివారు రెండు పొరలు వాడతారు: టేపు వైపు గట్టి ఈవీఏ, ఒంటివైపు సన్నని మెత్తని ఫోము. రెండూ కలిపి ఒక సెంటీమీటరు మందం ఉంటే పిల్లల సంచికి చాలు.

దుకాణంలో దీనిని పరీక్షించడానికి పరికరమేదీ అక్కరలేదు. పట్టీని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గట్టిగా నొక్కండి. రెండు వేళ్లూ ఒకదానికొకటి తగిలినట్లనిపిస్తే లోపల ఉన్నది పనికిరాని స్పాంజి. నొక్కి పది లెక్కపెట్టి వదలండి. గుంట వెంటనే పూడితే మంచిది. అలాగే నిలిచిపోతే ఆ మెత్త ఎక్కువకాలం మన్నదు. తరువాత అంచు మీద వేలు నడపండి. అంచున కుట్టిన గట్టి నైలాన్ గోటు మెడకు తగిలేలా ఉంటే, లోపల ఎంత ఫోమున్నా చర్మం ఒరుసుకుపోతుంది.

ఆకారం కూడా ముఖ్యమే. నిటారుగా కత్తిరించిన పట్టీ మెడవైపు అంచున నొక్కుతుంది. కొడవలిలా స్వల్పంగా వంపు ఉన్న పట్టీ మెడను తప్పించుకొని, భుజం మధ్య నుండి చంక పక్కగా దిగుతుంది. రెండు పట్టీల పై మొదళ్ల మధ్య బిడ్డ మెడ వెడల్పుకు కొంచెం మించిన ఎడం ఉండాలి. ఎడం తగ్గితే మెడను రాస్తాయి. పెరిగితే భుజం నుండి జారిపోతాయి. మెత్త ఉన్న భాగం చంకకు ముందే ముగియాలి, ప్లాస్టిక్ బకిల్ చంకకు దిగువన ఉండాలి. పై మొదలు దగ్గర చతురస్రంగా కుట్టి లోపల అడ్డగీతలు వేసిన కుట్టు ఉంటే బలంగా నిలుస్తుంది. ఒక్క వరుస కుట్టు ఏడాది తిరగకుండానే ఊడిపోతుంది.

మన ప్రాంతపు ఎండను మరువరాదు. జూన్‌లో బడులు తెరిచేనాటికి కూడా విజయవాడలో ఉక్క తగ్గదు. కృష్ణ గాలిలోని తేమకు చెమట ఆరదు. చెమటతో తడిసిన చర్మం రాపిడికి త్వరగా ఒరుసుకుపోతుంది. మందపు నూలుగుడ్డ చెమటను పీల్చి తడిగానే ఉండిపోతుంది. రెక్సిన్ అసలే పీల్చదు, చర్మానికి అతుక్కుంటుంది. చిన్న చిన్న రంధ్రాలతో జాలీలా ఉండే మెష్ గుడ్డ గాలి ఆడనిచ్చి త్వరగా ఆరుతుంది. పట్టీకి ఒంటివైపు ఈ గుడ్డ ఉండడం మనవంటి చోట విలాసం కాదు, అవసరం.

కొత్త సంచి కొనే స్తోమత అందరికీ ఉండదు. ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు సంచి కూడా ఉచితంగా అందుతున్నది. 2020 అక్టోబరు 8న మన కృష్ణా జిల్లా పునాదిపాడులో ప్రారంభమైన విద్యా కానుక కిట్టులో పుస్తకాలు, ఏకరూప దుస్తులు, బూట్లతోపాటు సంచి ఉండేది. ఇప్పుడు విద్యార్థి మిత్ర పేరుతో కిట్లు ఇస్తున్నారు. ఉన్న సంచినే సుఖంగా మార్చుకొనే ఉపాయం కుట్టు మిషను ఉన్న ప్రతి ఇంటిలోనూ సాధ్యమే.

ఏడు సెంటీమీటర్ల వెడల్పు, ఇరవై సెంటీమీటర్ల పొడవున రెండు ఈవీఏ ముక్కలు తీసుకొని మూలలు గుండ్రంగా కత్తిరించండి. చెప్పుల సామాను అమ్మే దుకాణాల్లో ఈ షీటు దొరుకుతుంది. మన ఆటోనగర్‌లో సీటు కవర్లు కుట్టే షాపుల్లో మిగిలే ముక్కల్లో కూడా గట్టి ఫోము దొరకవచ్చు. ఒంటివైపు మెష్, పైవైపు మందపు గుడ్డ పెట్టి, లోపలి నుండి కుట్టి, తిరగేసి, ఫోమును లోపలికి దూర్చండి. ఇలా చేస్తే కుట్టు అంచు బయటకు రాదు. రెండు పక్కలా గుడ్డ రెక్కలు వదిలి వాటికి వెల్క్రో కుట్టండి. పాత పట్టీ చుట్టూ దీనిని తొడిగి, రెక్కలను పైవైపున మూయండి. వెల్క్రో గరుకువైపు మెడకు తగలకూడదు. జారకుండా పాత పట్టీకి నాలుగు కుట్లు వేస్తే సరిపోతుంది. మురికైతే విప్పి ఉతుక్కోవచ్చు. ఇంటి వద్ద కుట్టుపని చేసుకొనే మన సోదరీమణులకు బడులు తెరిచే రోజుల్లో ఇది ఒక చిన్న హలాల్ సంపాదన మార్గం కూడా కాగలదు.

ఇక్కడ వృత్తిదారులకు ఒక మాట. పట్టీ లోపలి ఫోము కొనేవారి కంటికి కనిపించదు. దైవప్రవక్త (సఅసం) ఒకనాడు బజారులో ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. వాన పడిందని వర్తకుడు చెప్పగా, ఆ తడిసిన గింజలను జనులకు కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని అడిగి, మోసగించేవాడు మనవాడు కాడని హెచ్చరించారు. ఇది సహీహ్ ముస్లింలోని హదీసు. పైన మెరిసే గుడ్డ, లోపల తుక్కు స్పాంజి పెట్టి కుట్టిన పట్టీ ఆ ధాన్యపు రాశి వంటిదే. ప్రతి పనిలోనూ ఇహ్‌సాన్‌ను, అంటే చక్కగా చేయడాన్ని అల్లాహ్ విధి చేశాడని కూడా ఆయన బోధించారు. ఎవరూ చూడని పొరలో మంచి ఫోము పెట్టడం దర్జీ చేయగల ఇహ్‌సాన్.

అయితే ఒక సత్యాన్ని దాచరాదు. మెత్త ఒత్తిడిని పంచుతుంది. బరువును ఒక్క గ్రాము కూడా తగ్గించదు. పట్టీ బాగుందని సంచిలో మరో నాలుగు పుస్తకాలు వేస్తే, ఆ భారం భుజాన్ని వదిలి వెన్నెముకకు చేరుతుంది. బిడ్డ ముందుకు వంగి నడవడం దానికి గుర్తు.

ఈ బరువు గురించి దేశం చాలాకాలంగా మాట్లాడుతున్నది. రచయిత ఆర్.కె. నారాయణ్ రాజ్యసభ సభ్యుడిగా 1989లో చేసిన తొలి ప్రసంగానికి ఎంచుకొన్న విషయం బడి పిల్లల సంచి బరువే. ఆచార్య యశ్‌పాల్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1993లో భారం లేని విద్య గురించి నివేదిక ఇచ్చింది. సంచి బరువుకంటే అర్థం కాని చదువు బరువు మరింత హానికరమని అది గుర్తించింది. చివరకు 2020లో కేంద్ర విద్యాశాఖ బడి సంచుల విధానాన్ని ప్రకటించింది. దాని ప్రకారం సంచి బరువు బిడ్డ బరువులో పదో వంతు మించరాదు. పూర్వ ప్రాథమిక దశలో సంచే ఉండకూడదు. ఒకటి, రెండు తరగతులకు 1.6 నుండి 2.2 కిలోలు, మూడు నుండి ఐదు వరకు 1.7 నుండి 2.5 కిలోలు, ఆరు, ఏడులకు 2 నుండి 3 కిలోలు, ఎనిమిదికి 2.5 నుండి 4 కిలోలు. తొమ్మిది, పదులకు 2.5 నుండి 4.5 కిలోలు. మెత్త కలిగి, సర్దుబాటు చేసుకోగల రెండు పట్టీలు సంచికి ఉండాలని కూడా ఆ విధానం స్పష్టంగా చెబుతుంది. చక్రాల సంచులు మెట్లెక్కేటప్పుడు గాయపరచవచ్చని వాటిని వద్దన్నది. మన రాష్ట్రంలో పుస్తకాలను సెమిస్టర్ల వారీగా విడదీసి ముద్రించడం, శనివారాన్ని సంచి లేని రోజుగా పాటించడం ఈ దిశలో వేసిన అడుగులే.

మనం ఇంట్లో చేయగలిగినవి కూడా ఉన్నాయి. రాత్రి పడుకొనేముందు బిడ్డతో కలిసి మరుసటి రోజు పీరియడ్లు చూసి అవసరమైనవే సర్దండి. బరువైన పుస్తకాలు వీపుకు ఆనుకొని, తేలికవి బయటివైపు ఉండాలి. పట్టీలు బిగించి సంచి వీపుకు అంటుకొనేలా చూడండి. నడుము దిగి వేలాడితే అది వెనక్కు లాగుతుంది. బడిలో మంచినీరు ఉంటే నిండు సీసా ఎందుకు? ఒక లీటరు నీరంటే ఒక కిలో బరువు. ఇరవై కిలోల బిడ్డ మోయదగిన దానిలో సగం. చెయ్యి తరచుగా తిమ్మిరెక్కుతున్నా, మెడనొప్పి తగ్గకున్నా వైద్యునికి చూపించాలి.

మక్తబ్‌ల నిర్వాహకులకూ ఒక విన్నపం. దివ్య ఖుర్ఆన్ ప్రతులను, రెహళ్లను మస్జిద్‌లోనే అల్మారాలో ఉంచితే పిల్లలు వాటిని రోజూ మోయనవసరం లేదు. బూట్లు, టిఫిన్ డబ్బాల నడుమ సంచిలో పవిత్ర గ్రంథం నలిగే స్థితీ తప్పుతుంది. ఇంట్లో చదువుకోవడానికి వేరొక ప్రతి ఉంటుంది. పాఠశాల సంచి పెట్టుకోవడానికి గోడవారగా ఒక బల్ల వేస్తే, చదువుకొన్నంతసేపైనా భుజాలకు విశ్రాంతి దొరుకుతుంది. ప్రవక్త (సఅసం) తమ మనవరాలు ఉమామాను భుజాన ఎత్తుకొని నమాజు చేయించారని, సజ్దాకు వెళ్లేటప్పుడు దించి, లేచేటప్పుడు తిరిగి ఎత్తుకొన్నారని బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. పసిబిడ్డను మోసిన ఆ పవిత్ర భుజాన్ని తలచుకొంటే, పసిబిడ్డ భుజాన మనం ఏమి మోపుతున్నామో ఆలోచించక తప్పదు.

పుస్తకాలు మోయడమే విద్య కాదు. తౌరాతు బాధ్యత అప్పగించబడి కూడా దానిని నెరవేర్చనివారిని, గ్రంథాలు మోసే గాడిదతో జుముఆ సూరా ఐదవ ఆయతు పోల్చింది. వీపు మీది బరువు బుద్ధిలోకి దిగినప్పుడే చదువు అవుతుంది. నొప్పితో మూలిగే భుజం ఆ దారిలో అడ్డంకి.

బఖరా సూరా చివరి రెండు ఆయతులను రాత్రివేళ పఠించేవారికి అవి చాలునని హదీసు తెలుపుతుంది. ఏ ప్రాణిపైనా దాని శక్తికి మించిన భారం వేయననే అల్లాహ్ వాగ్దానం అందులోనే ఉంది. మోయలేని భారం మాపై మోపవద్దనే దుఆ కూడా అందులోనే ఉంది. ఈ రాత్రి ఆ దుఆ ముగించిన తరువాత ఇంట్లో గోడకు తగిలించి ఉన్న బిడ్డ సంచిని ఒకసారి చేతితో ఎత్తి చూడండి. దాని పట్టీని వేళ్లతో నొక్కి చూడండి. మన కోసం మనం ప్రభువును అడుక్కొన్న దానిని మన బిడ్డకు ఇవ్వడం మన చేతిలోనే ఉంది. అల్లాహ్ మనందరికీ ఆ సద్బుద్ధిని ప్రసాదించుగాక. ఆమీన్.